ఒక్క బాంబూ పేలని యుద్ధ డాక్యుమెంటరీ: నెల్లూరు నుంచి ఒక కేస్ స్టడీ

ఈ వీడియో నిడివి 26 నిమిషాలు. విషయం యుద్ధం. అందులో ట్యాంకు లేదు, మిస్సైల్ లేదు, కూలిన ఇల్లు లేదు. ఉన్నదల్లా నెల్లూరు, ఉమ్మడి ప్రకాశం జిల్లాల మనుషులు: టీవీ చూస్తూ, ఫోన్ చూస్తూ, రొయ్యల రేటు అడుగుతూ. బయట దొరికే యుద్ధం క్లిప్పు ఒక్కటి కూడా వాడకూడదన్న నియమం పెట్టుకుని చేశాం. ఆ నియమం ఎందుకు పుట్టింది, దాంతో ఏం కుదిరింది, ఏ వాదన తెగకుండా మిగిలింది అన్నది ఇక్కడ రాస్తున్నాను. పెళ్లి వీడియోలు తీస్తూ డాక్యుమెంటరీల వైపు మళ్లుతున్న కుర్రాళ్లు మా వైపు ఇప్పుడు చాలామంది ఉన్నారు. కెమెరాలు నాకన్నా వాళ్లవే మంచివి కాబట్టి కెమెరా సంగతి తక్కువే చెబుతాను.

యుద్ధం ఏ దారిన వచ్చింది

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దిగింది. నెల్లూరులో ఆ వార్త ముందు మెడిసిన్ చదవడానికి పిల్లల్ని పంపిన ఇళ్లకు చేరింది. ఆపరేషన్ గంగ కింద 22 వేల మందికి పైగా భారతీయుల్ని వెనక్కి తెచ్చారు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. తర్వాత అది వంటింటికి చేరింది. మన దేశానికి దిగుమతి అయ్యే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్, రష్యాలదే. కృష్ణపట్నం రేవు పక్కనే నూనె రిఫైనరీలు వరసగా ఉన్నాయి. ఆ రోడ్డు మీద ట్యాంకర్లు తిరుగుతూనే ఉన్నా అంగట్లో ప్యాకెట్ ధర మాత్రం ఎగిరి కూర్చుంది.

2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల దాడులు. ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా కొసన గుడ్ హోప్ అగ్రం చుట్టి పోవడం మొదలుపెట్టాయి. కంటైనర్ కిరాయి పెరిగింది, సరుకు చేరే రోజులు పెరిగాయి. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంట గట్టు మీద, నీటికి గాలి కలిపే ఏరేటర్ల రొదలో, ఒక రైతు "ఆ హౌతీలోళ్లు ఏమన్నా తగ్గినారా?" అని ఏజెంటును అడగడం నేను విన్నాను. వంద కౌంట్ (కిలోకు వంద రొయ్యలు తూగే సైజు) రేటుకూ యెమెన్‌కూ ముడి పడిందని ఆయనకు ఎవరూ పాఠం చెప్పలేదు.

మొదటి ఆలోచన ఇంతవరకే: దూరాన జరిగే యుద్ధం మన జిల్లాలో ఏయే గుమ్మాలు తొక్కుతుందో చూపిద్దామని. సైదాపురం మైకా గనుల్ని కూడా అందులో చేర్చాలనుకున్నాం. రెండో ప్రపంచ యుద్ధంలో రేడియో సెట్లకూ విమానాల స్పార్క్ ప్లగ్గులకూ మైకా కావాల్సి వచ్చింది; దానికి మన దేశమే పెద్ద దిక్కు, నెల్లూరు మైకా అందులో పేరున్న సరుకు. యుద్ధానికి మనం ప్రేక్షకులం కాకముందు సరఫరాదారులం. మంచి కథే. కానీ అది వేరే వీడియో, అందుకే పక్కన పెట్టాను. ఎవరైనా తీస్తే సంతోషిస్తాను.

రెండు కట్లు

ఎడిటింగ్‌కు కూర్చునే ముందు ఒక పరీక్ష పెట్టాం. ఒకే మనిషి మాటలతో మూడు నిమిషాల కట్ రెండు రకాలుగా చేశాం. రొయ్యల రైతు మాట్లాడుతుంటాడు. మొదటి కట్‌లో ఆయన మాటల మీద ఓడ మీద దాడి దృశ్యాలు, పొగ, హెలికాప్టర్. రెండో దాంట్లో ఆయన ముఖం, గుంట, మేత బస్తాలు, ఫోన్‌లో రేటు మెసేజ్, అంతే. స్టోన్‌హౌస్‌పేటలో మా గదికి తెలిసినవాళ్లని పిలిచి, సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి చూపించాం.

మొదటి కట్ చూసినవాళ్లు బయటికొచ్చి హెలికాప్టర్ గురించి మాట్లాడుకున్నారు. అది ఏ దేశానిది, ఓడలో ఎవరున్నారు, ఎంత ధైర్యం కాకపోతే అట్టా దూకుతారు. రైతు ఏం చెప్పాడని అడిగితే, "ఆయనెవురో రొయ్యలాయన" అన్నారు. రెండో కట్ చూసినవాళ్లు మేత అప్పు గురించి అడిగారు. రొయ్యలు పట్టడం ఆపుకుంటే రొయ్య చచ్చే ప్రమాదం ఎంత అని అడిగారు. ఒకాయన తన బావమరిది గుంటల సంగతి చెప్పడం మొదలుపెడితే ఆపడం మా వల్ల కాలేదు.

పేలుడు తెర మీదికి వస్తే దాని పక్కన ఇంకే ముఖమూ నిలబడదు. ఈ మాట పుస్తకాల్లో చదివే ఉన్నాను, కానీ మన మనుషుల ముందు చూశాక గానీ నియమంగా పెట్టుకునే తెగువ రాలేదు. క్లిప్పులు వద్దు అనుకోవడానికి మొదటి కారణం అది. రెండో కారణం ఒక హవల్దార్ గారు చూపించారు.

గిద్దలూరు హవల్దార్ గారు

గిద్దలూరు, కంభం వైపు పల్లెల్లో ఫౌజులో చేసి వచ్చినవాళ్లు చాలామంది. మాతో మాట్లాడిన ఆయన ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో చేసి రిటైరయ్యారు. 1999 కార్గిల్ సమయంలో కొండల కింద తోపుల (ఫిరంగుల) దగ్గర ఉన్నారు. యుద్ధం కథలు చెప్పమంటే నవ్వి ఊరుకునే మనిషి. అప్పటికి ఊళ్లో అందరి ఫోన్లలో తిరుగుతున్న ఒక క్లిప్ ఆయనకు చూపించాం: రాత్రి, కొండ, ఫిరంగి వెలుగు, ఆకాశంలో గీతలు, కింద ఎర్రటి అక్షరాలతో ఏదో దేశం మీద దాడి అని.

కళ్లద్దాలు పైకి తోసి, ఫోన్ దూరంగా పట్టుకుని రెండుసార్లు చూశారు.

"ఇది తీసినోడు యాడ నిలబడినాడు నాయనా?"

మాకు తెలియదన్నాం.

"మెరుపు ఆ కొండ మీద కదా. ఇక్కడికి రెండు మూడు కిలోమీటర్లుంటాది. మెరుపు, మోత ఒక్కపారే వస్తాండాయి. అట్లెట్ల వస్తాయి? మేము మెరుపు చూసి లెక్క పెట్టుకునేవాళ్లం. ఒకటి, రెండు, మూడు అంటే కిలోమీటరు. మల్ల తోపు పేలితే దుమ్ము లేయాల. ఈడ ఒక రవ్వ లేదు. చెయ్యి వణకలేదు. ఇది ఆటలోది గానీ, ఇంట్లో కూర్చొని అతికించింది గానీ అయ్యుంటాది."

ఆయన లెక్క సరైనదే. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కిలోమీటరుకు మూడు సెకన్లు. ఆ క్లిప్‌ను ముక్కలు ముక్కలుగా ఫ్రేములు తీసి వెతికితే ఆర్మా 3 అనే వీడియో గేమ్‌లోదని తేలింది. ఆ గేమ్ దృశ్యాలు ఎన్నో యుద్ధాల పేరిట తిరిగాయి. తయారుచేసిన బొహీమియా ఇంటరాక్టివ్ కంపెనీయే 2022 నవంబరులో బయటికొచ్చి, మా ఆటను యుద్ధమని చూపిస్తున్నారు, ఇలా గుర్తుపట్టండి అని ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ పనివాళ్లకు ఒక మాట. వాట్సాప్‌లో వచ్చిన వీడియోలో తేదీ, చోటు, ఏ ఫోన్‌తో తీశారు అన్న వివరాలు మామూలుగా మిగలవు. పంపేటప్పుడే కుదించి తుడిచేస్తుంది. కాబట్టి ఫైల్ లోపల వెతికితే లాభం లేదు. బొమ్మలోనే వెతకాలి: నీడ, దుమ్ము, బోర్డుల మీద రాత, శబ్దం, చెయ్యి వణుకు. "నిజమా కాదా" అని మొదలుపెడితే తెమలదు. హవల్దార్ గారిలా "తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు" అని మొదలుపెడితే సగం పని అయిపోతుంది.

ఆయనతో ఇంకో సంగతి కూడా వచ్చింది. కార్గిల్‌లో ఉన్నన్నాళ్లూ ఇంటికి రాసిన ఉత్తరాల మీద చిరునామా 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు నంబరు. ఊరు లేదు, కొండ పేరు లేదు. వాళ్లమ్మ ఆ ఇన్‌లాండ్ లెటర్ పోస్టుమాస్టర్ దగ్గరికి తీసుకెళ్లి "ఈ ఊరు యాడుంది" అని అడిగేదట. సైనికుడు ఎక్కడున్నాడో తల్లికి కూడా చెప్పని పద్ధతి అది. 2025 ఏప్రిల్ 26న సమాచార, ప్రసార శాఖ టీవీ చానళ్లకు, సోషల్ మీడియాకు సూచన పంపింది: బలగాల కదలికల్ని, ఆపరేషన్లను లైవ్‌లో చూపించొద్దు. అందులో కార్గిల్, కాందహార్ హైజాక్, 26/11 ముంబయి దాడులను గుర్తు చేసింది. కేబుల్ టీవీ నియమాల్లో 6(1)(పి) కూడా అదే చెబుతుంది: ఉగ్రవాదుల మీద ఆపరేషన్ సాగుతుంటే లైవ్ కూడదు, నియమించిన అధికారి చెప్పిందే చెప్పాలి. హవల్దార్ గారికి ఇవేవీ తెలియవు. "మా అమ్మకు చెప్పనిది టీవీవోనికెందుకు" అన్నారు. ఆ మాట ట్రైలర్‌కు పెట్టుకుందామని మా కుర్రాడు పట్టుబట్టాడు గానీ నేను ఒప్పుకోలేదు. ఆ ఉత్తరాల సంగతి లేకుండా విడిగా వింటే అది వేరే మాటలా వినపడుతుంది.

టీ అంగడిలో సైరన్

2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. మేం ఆ వారమంతా నెల్లూరు ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక టీ అంగట్లో కెమెరా పెట్టుకున్నాం. యజమానికి ముందే చెప్పి, వచ్చేవాళ్లకు కనపడేలా తెలుగులో కాగితం అంటించి, తెలిసినవాళ్ల దగ్గర సంతకాలు తీసుకుని మొదలుపెట్టాం.

టీవీ ఇనప చట్రంలో, స్టవ్ పైన, ఆవిరికి మసకేసి ఉంటుంది. దాన్ని మేం తీయలేదు. కెమెరా టీవీ కింద నుంచి చూసేవాళ్ల వైపు తిప్పాం. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ కొట్టుకోకుండా ఉండాలంటే అదే. కొత్త ఎల్‌ఈడీ టీవీలతో అది కూడా చాలదు, వెలుగు తగ్గిస్తే గీతలు పాకుతాయి. యజమానిని అడిగి టీవీ వెలుగు పూర్తిగా పెంచి ఉంచాం. పెంచాక ఒక విషయం తెలిసింది. బ్రేకింగ్ పట్టీ పడ్డప్పుడల్లా ముందు బల్ల మీదున్నవాళ్ల ముఖాలు ఎర్రబడతాయి, ప్రకటనలు వస్తే తెల్లబడతాయి. తెర కనపడకుండానే తెర మీద ఏముందో తెలిసిపోతుంది. వీడియోలో మొత్తం నాలుగు నిమిషాలు అలా ముఖాల మీది రంగుతోనే నడిపాం.

సైరన్ సంగతి కూడా ఇక్కడిదే. ఒక చానల్ చర్చ మధ్య మధ్యలో వైమానిక దాడి సైరన్ వేసింది. అంగట్లో ఉన్నవాళ్లకు అది టీవీ అని తెలుసు. బయట బస్సు కోసం నిలబడ్డవాళ్లకు తెలియదు. ఒక పెద్దాయన సంచి చంకలో పెట్టుకుని ఆకాశం వైపు చూశాడు. ఆయన్ని చూసి పక్కామె చూసింది. ఆమెను చూసి కాలేజీ పిల్లలు చూశారు. మే నెల నెల్లూరు ఎండలో తలెత్తి చూడటమంటే మాటలు కాదు. అంతలో టీ మాస్టర్ గరిటెతో స్టవ్ మీద కొట్టి, "ఏం లేదయ్యా, టీవీ అది, టీవీ!" అని అరిచాడు. అందరూ నవ్వారు. పెద్దాయన మాత్రం బస్సెక్కే దాకా రెండుసార్లు పైకి చూశాడు.

మే 10న ఫైర్ సర్వీసెస్, సివిల్ డిఫెన్స్, హోంగార్డ్స్ డైరెక్టరేట్ జనరల్ చానళ్లను కోరింది: జనానికి అవగాహన కల్పించడానికి తప్ప కార్యక్రమాల్లో సైరన్ వాడొద్దు, విని విని అలవాటైపోతే నిజంగా దాడి జరిగినప్పుడు ఎవరూ కదలరు అని. మా వీడియోలో ఆ సైరన్ ఉంచాలా వద్దా అన్నది పెద్ద చర్చ అయింది. చివరికి సైరన్ ఉంచాం, కానీ బస్టాండులో నిలబడ్డవాడికి వినపడినంత సన్నగా. హారన్ల మధ్య, పల్లీల అతని కేకల మధ్య. గట్టిగా పెడితే మా వీడియో చూసేవాడు కూడా ఆకాశం వైపు చూస్తాడు. ఆ చానల్ చేసిందీ అదే కదా.

కువైట్ నోట్లు

కలిగిరి వైపు ఒక పల్లెలో ఉన్న పెద్దమ్మ కథ వీడియోకు నడుమ. ఆమె వయసులో ఉన్నప్పుడు కువైట్‌లో ఒక ఇంట్లో ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా చేసింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది. ఇంటి సేటు కుటుంబం రాత్రికి రాత్రి సౌదీ వైపు వెళ్లిపోయింది. ఈమె ఇంకొందరు మనవాళ్లతో బస్సులో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరింది. ఎడారిలో గుడారాలు, నీళ్ల కోసం లైన్లు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి. సుమారు రెండు నెలల్లో అలా చేరవేసిన మనవాళ్లు సుమారు 1,70,000 మంది.

ఇంట్లో అప్పటికి ఆమె మీద ఆశ వదిలేసుకున్నారు. ఊరంతటికీ ఉన్నది రేడియో. కువైట్ అన్న మాట వినపడితే అందరూ చుట్టూ చేరేవారు; అది అయిపోగానే క్రికెట్ స్కోరు. ఆమె దాటి వచ్చిన దారిలో తీసిన ఫోటో ఒక్కటి కూడా ఆమె దగ్గర లేదు. కొన్ని నెలలకు అమెరికా యుద్ధంలోకి దిగాక, 1991 జనవరి నుంచి, ఆ యుద్ధం ప్రపంచమంతా టీవీల్లో ఆడింది. గురి గుర్తు మధ్యలో భవనం, తెల్లటి మెరుపు. అందరికీ గుర్తున్నవి ఆ తెలివైన బాంబులే. నిజానికి ఆ యుద్ధంలో వేసిన బాంబుల్లో గురి చూసుకుని వెళ్లేవి పదో వంతు కూడా లేవు. తక్కినవి మామూలుగా జారవిడిచినవి. వాటికి కెమెరా లేదు.

ఆమె దగ్గర యుద్ధం తాలూకు వస్తువులు ఉన్నాయా అని అడిగితే, లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచి, చీరల కింద నుంచి గుడ్డ మూట తెచ్చింది. కువైట్ దినార్ నోట్లు, ఐదు. జీతం. ఆక్రమణలో ఇరాక్ ఆ దినార్‌ను రద్దు చేసింది. కువైట్ మళ్లీ నిలబడ్డాక 1991లో కొత్త నోట్లు తెచ్చి పాతవి వెనక్కి తీసుకుంది. గడువు పెట్టిన సంగతి కలిగిరి దాకా ఎవరు చెబుతారు?

"మార్చుకునేదానికి నెల్లూరు బ్యాంకుకు పోయినా అబ్బయ్యా. ఆయన వెలుతురుకు పట్టి చూసి, బాగుండాయమ్మా బొమ్మలు అని తిరిగి చేతిలో పెట్టినాడు."

ఆ నోట్లను ఆమె ఒడిలో, పక్కగా పడే కిటికీ వెలుతురులో తీశాం. మడత దగ్గర కాగితం అరిగి దారపు పోగుల్లా అయింది. మా వీడియోలో యుద్ధం దృశ్యం అంటూ ఉంటే ఇదొక్కటే.

2025 జూన్ 23 రాత్రి ఇరాన్ ఖతార్‌లోని అల్ ఉదీద్ అమెరికా సైనిక స్థావరం మీద మిస్సైళ్లు వేసింది. కువైట్ కూడా కాసేపు తన గగనతలం మూసేసింది. మరుసటి పొద్దున మేం పెద్దమ్మ ఇంట్లో ఉన్నాం. టీవీలో అవే వెలుగు చుక్కలు మళ్లీ మళ్లీ. ఆమె మనవడు కువైట్‌లోని ఫర్వానియాలో డ్రైవరు. ఇమో అనే వీడియో కాల్ యాప్‌లో ఆమె అతనికి కలిపింది.

"ఏరా, బాంబులు పడతా ఉండాయంట గదా?"

"యాడ పడతుండాయి అవ్వా? నేను పాల వ్యాన్ ఏసుకోని పోతుండా. ఆ టీవీ ముందు ఆపు."

ఆమె ఆపలేదు. శబ్దం తగ్గించి, మనవడి ముఖం ఒక చేతిలో, చుక్కలు ఎదురుగా, రెండూ చూస్తూ కూర్చుంది. 1990లో తాను ఎడారిలో ఉన్నప్పుడు ఊళ్లోవాళ్లకు ఏమీ కనపడలేదు. ఇప్పుడు పిల్లవాడు పాలు పోసుకుంటుంటే ఇంటినిండా యుద్ధం. ఈ రెంటి మధ్య వ్యాఖ్యానం రాసి, చదివించి, తీసేశాం. ఆమె ముఖం చాలు.

ఎదురుమాట

ఒంగోలులో చాలాకాలం టీవీ డెస్కులో పనిచేసి మానేసిన మిత్రుడికి చూపిస్తే గట్టిగానే అన్నాడు. "నువ్వు చూపించకపోవడం కూడా ఒక రకం దాచడమే. వియత్నాంలో నాపాం అనే మంటల బాంబు పడి ఒళ్లు కాలి పరిగెత్తిన పాప ఫోటో 1972లో వెయ్యకపోయుంటే ఎవరికి తెలిసేది? చచ్చినవాడి ముఖం చూపించకపోతే చంపినవాడికే లాభం. మీ టీ అంగడి బాగానే ఉంది గానీ, గాజాలో పిల్లల్ని పోగొట్టుకున్నవాడు నీ వీడియో చూస్తే ఏమనుకుంటాడు?"

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్నంతలో చెప్పింది ఇది: ఆ ఫోటోకు చిరునామా ఉంది. ఏ ఊరు, ఏ రోడ్డు, ఏ తేదీ, పాప ఎవరు, అన్నీ తెలుసు. తీసింది ఎవరన్నదాని మీద 2025లో కూడా విచారణ జరిగిందంటే ఆ ఒక్క బొమ్మ వెనక ఎంత కాగితం ఉందో చూడు. అక్కడ నిలబడి తీసేవాడు తీయాల్సిందే. నెల్లూరులో కూర్చుని, ఎక్కడివో తెలియని మంటలు దించుకుని, నేపథ్యంలో డప్పు వేసి అతికించే నాలాంటివాడికే ఈ నియమం. మిత్రుడు "నియమం నీకు సుఖంగా ఉంది కాబట్టి పెట్టుకున్నావ్" అన్నాడు. అందులో కొంత నిజం ఉంది. క్లిప్పుల హక్కుల గొడవ, డబ్బు గొడవ కూడా తప్పాయి మరి.

చిరునామా ఉన్నంత మాత్రాన సరిపోదని కూడా ఒప్పుకోవాలి. 1855లో క్రిమియా యుద్ధంలో రోజర్ ఫెంటన్ అనే ఇంగ్లీషు ఫోటోగ్రాఫర్ ఒకే దారిని ఒకే చోట నిలబడి రెండుసార్లు తీశాడు. ఒకదాంట్లో ఫిరంగి గుండ్లు పక్క గుంతలో, ఇంకొకదాంట్లో దారి మీద. చోటు తెలుసు, తీసినవాడు తెలుసు; గుండ్లు ఎవరు జరిపారన్నదాని మీద ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు ఈ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తుంటాను. ఎక్కువమంది దారి మీద గుండ్లున్నదే బాగుందంటారు.

బయటికి పోయాక

నెల్లూరులో ఒక కాలేజీలో, హవల్దార్ గారి ఊళ్లో, పెద్దమ్మ వాళ్ల వాకిట్లో చూపించాం. కాలేజీ పిల్లలకు మొదటి పది నిమిషాలు నడవలేదు, ఫోన్లు తీశారు. సైరన్ దగ్గర మళ్లీ తలలెత్తారు. పల్లెల్లో అలాంటి ఇబ్బంది రాలేదు, తెలిసిన ముఖాలు కదా.

స్టేటస్‌లో పెట్టుకోవడానికి చిన్నది కావాలని అడిగితే తొంభై సెకన్ల ముక్క చేసి ఇచ్చాం. ప్రతి షాట్ కింద సన్నటి పట్టీలో ఊరు, తేదీ. నెల తిరక్కుండానే అది మా చుట్టాల గ్రూపులోకే తిరిగొచ్చింది. కింది పట్టీ కత్తిరించేశారు. బస్టాండులో జనం ఆకాశం వైపు చూసే ఆరు సెకన్లు ఉంచి, వెనక ఉరుముల్లాంటి సంగీతం పెట్టి, పైన పసుపు అక్షరాల్లో "యుద్ధ భయంతో నెల్లూరు గజగజ" అని రాశారు. నవ్వింది కూడా కత్తిరించారు, టీ మాస్టర్ కేక కూడా. ఎవరు చేశారో వెతికి పట్టుకోవడం కుదిరే పని కాదు. ముక్కను మళ్లీ చేసి, ఊరు, తేదీ బొమ్మ నడిమధ్యన, మనుషుల ఛాతీల మీదుగా వేశాం. చూడటానికి అసహ్యంగానే ఉంది. కానీ కత్తిరిస్తే మనుషులు కూడా పోతారు.

టీ అంగడాయన దగ్గరికి పోయి, మీ అంగడి ఇట్టా తిరుగుతుందన్నా, బాధపడొద్దు అని ఆ క్లిప్ చూపించాను. ఫోన్ దగ్గరగా పట్టుకుని చూశాడు.

"నా బోర్డు కనపడతా ఉందిగా, ఉండనీలే అబ్బయ్యా. కానీ దాంట్లో టీ పది రూపాయలని ఉంది. ఇప్పుడు పన్నెండు. అదేమన్నా మార్చేదానికి అవుద్దా?"